ఫ్రిజ్‌లో డీఫ్రాస్ట్ కోడ్: బోర్డు మార్చకముందు నేను కొలిచినవి

పైన ఫ్రీజర్‌లో ఐసు రాయిలా ఉంది. కింద మాత్రం దోసెల పిండి మూత తోసుకుని పొంగింది, రాత్రి పెట్టిన పెరుగు మధ్యాహ్నానికే పుల్లబడింది. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే గ్యాస్ అయిపోయిందని కంగారు పడనక్కర్లేదు. గ్యాస్ తగ్గితే పైన ఐసు కూడా మెత్తబడుతుంది. ఇక్కడ చలి పుడుతోంది, కిందికి దిగడం లేదు. అంటే గాలి దారి ఎక్కడో మూసుకుపోయింది. మూడో రోజు తలుపు మీద ఉష్ణోగ్రత అంకె పోయి, దాని చోట కోడ్ మెరవడం మొదలైంది.

ఆ కోడ్ ఏమిటో ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఒక కంపెనీ ఫ్యాన్ లోపానికి వాడే అంకెనే ఇంకో కంపెనీ సెన్సర్‌కు వాడుతుంది. ఒకే కంపెనీలో మోడల్ మారినా అర్థం మారిపోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల కంటే మీ ఫ్రిజ్‌కే అంటించి ఉన్న కాగితం నమ్మదగ్గది. చాలా మోడళ్లలో వెనక వైపు బోర్డు (ఫ్రిజ్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు) పెట్టె మూత మీదో, మూత లోపలో వైరింగ్ బొమ్మ ఉంటుంది. నాది ఆరేళ్ల నాటి ఇన్వర్టర్ మోడల్. మూత లోపలి కాగితంలో నాకు వచ్చిన కోడ్‌కు ఎదురుగా ఉన్నది డీఫ్రాస్ట్ లోపం, అంటే మంచు కరిగించే పనిలో తేడా.

ఈ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఫ్రీజర్ వెనక పలక చాటున పలుచటి లోహపు రెక్కలున్న కూలింగ్ కాయిల్ ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వచ్చే తేమ ఆ రెక్కల మీద నూగు మంచులా పేరుకుంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు తిరిగాక బోర్డు దాన్ని ఆపి, కాయిల్ కింద ఉన్న హీటర్‌ను వెలిగిస్తుంది. మంచు కరిగి నీళ్లు గొట్టంలోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి దిగుతాయి. కాయిల్‌కు తగిలించిన సెన్సర్ సున్నా దాటి పది డిగ్రీల చుట్టుపక్కలకు వేడెక్కిందని చెప్పగానే బోర్డు హీటర్‌ను ఆపేస్తుంది. లెక్క ప్రకారం ఇచ్చిన గడువులో సెన్సర్ ఆ మాట చెప్పకపోతే బోర్డు కోడ్ పెడుతుంది. అంతే. హీటర్ కాలిపోయిందని బోర్డుకు తెలియదు, ఫ్యూజు పోయిందనీ తెలియదు. వేడెక్కమన్నాను, వేడెక్కిన కబురు రాలేదు అన్నదొక్కటే దానికి తెలుసు. కోడ్ చూపించేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో. ఏ పార్టు పోయిందో కాదు.

ప్లగ్ పీకి పది నిమిషాలాగి మళ్లీ పెట్టమని అందరూ చెప్తారు. అలా చేస్తే కోడ్ పోతుంది, నిజమే. కానీ డీఫ్రాస్ట్ కోడ్ మళ్లీ రావాలంటే తర్వాతి డీఫ్రాస్ట్ దాకా ఆగాలి, దాని గడువు కూడా తీరాలి. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ రెండు రోజుల నిశ్శబ్దాన్ని చూసి బాగైపోయిందనుకోవడం మామూలే. సర్వీసుకు వచ్చిన కుర్రాడు కూడా మల్టీమీటరు బయటికి తీయకుండానే, కోడ్ చూసి ‘బోర్డు పోయింది సార్, మార్చాల్సిందే’ అన్నాడు. కంప్రెసర్‌కు పదేళ్ల వారెంటీ అని తలుపు మీద పెద్ద స్టిక్కరు ఉంటుంది. అది సాధారణంగా కంప్రెసర్ వరకే. బోర్డు, హీటర్, సెన్సర్ మన ఖర్చే. కొలవకుండా బోర్డు మార్చడం అంటే జ్వరమొచ్చిందని థర్మామీటర్ మార్చడమే.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఇన్వర్టర్ ఫ్రిజ్ బోర్డులో 230 వోల్టుల కరెంటు డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ప్లగ్ పీకిన వెంటనే బోర్డు మీద చెయ్యి పెట్టకూడదు. పది నిమిషాలాగి, కెపాసిటర్ కాళ్ల మధ్య మీటరు డీసీ వోల్టులలో పెట్టి ఖాళీ అయిందని చూసుకున్నాకే కనెక్టర్లు తీయాలి. ఇక రెండోది గ్యాస్. వెనక పలక మీద ఆర్600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం, మండుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, అల్యూమినియం గొట్టానికి చాకు మొన తగిలితే ఆ గ్యాసంతా గదిలోకి వస్తుంది. రిపేరు ఖర్చూ పెరుగుతుంది. మంచు గీకడానికి చాకు, స్క్రూడ్రైవర్, అట్లకాడ ఏవీ వద్దు. దగ్గరలో దీపం, పొయ్యి వద్దు. హీట్ గన్ అసలే వద్దు, పలక వంకరపోతుంది.

సామాను ఖాళీ చేసి ఫ్రీజర్ అరలు తీసేస్తే వెనక పలక కనిపిస్తుంది. నా దాంట్లో ప్లాస్టిక్ బిళ్లల కింద రెండు స్క్రూలు, మిగతాది క్లిప్పులు. పలక రాకపోతే లాగకూడదు. లోపలి మంచు దాన్ని పట్టుకుని ఉంటుంది, లాగితే క్లిప్పులు విరుగుతాయి. ఒక గిన్నెలో వేడినీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టి తలుపు దగ్గరగా వేస్తే అరగంటలో వదులవుతుంది.

పలక తీసిన వెంటనే మంచు కరిగించేయకుండా ఒక ఫొటో తీసుకోండి. మంచు పేరుకున్న తీరు కోడ్ కంటే ఎక్కువ చెప్తుంది. కాయిల్ పైనుంచి కిందిదాకా సమానంగా తెల్లటి దిమ్మ కట్టి, రెక్కలు కనిపించకుండా ఉంటే డీఫ్రాస్ట్ జరగడం లేదు. గొట్టం లోపలికి వచ్చే మూలన మాత్రమే మంచు కట్టి మిగతా రెక్కలు ఖాళీగా ఉంటే గ్యాస్ తక్కువైంది, అది మన చేతిలో పని కాదు. కాయిల్ పైన శుభ్రంగా ఉండి కింద, తొట్టిలో గాజులాంటి గట్టి ఐసు ఉంటే హీటర్ పనిచేస్తోంది, నీళ్లు దిగే కన్నం మూసుకుపోయింది. నా దాంట్లో మొదటి రకమే. గాలి కిందికి వెళ్లే సందు సహా అంతా దిమ్మే.

ప్లగ్ తీసి తలుపులు తెరిచి వదిలేశాను. గిన్నెలో వేడినీళ్లు రెండు మూడుసార్లు మార్చాక, ఎండాకాలం కాబట్టి ఐదారు గంటల్లో పూర్తిగా కరిగింది. చలికాలమైతే రాత్రంతా పడుతుంది. వెనక ట్రే ఇన్ని నీళ్లకు సరిపోదు. పొర్లి కంప్రెసర్ కిందినుంచి నేల మీదికి వస్తాయి. పాత తువ్వాళ్లు, కింద ఒక పళ్లెం ముందే సర్దుకోవాలి. దాదాపు రెండు లీటర్ల నీళ్లు ఎత్తిపోశాను.

ఇప్పుడు కొలతలు. ఓమ్‌లు (కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత) చూసేటప్పుడు కనెక్టరు బోర్డు నుంచి ఊడదీసే కొలవాలి. తగిలించి ఉంటే బోర్డులోని రెసిస్టర్లు కూడా కలిసి తప్పుడు అంకె వస్తుంది. వైరింగ్ బొమ్మ చూసి హీటర్ జత ఏదో పట్టుకుని, బోర్డు చివర నుంచి కొలిచాను. మీటరు ఓఎల్ అంది, అంటే దారి తెగింది. ఇక్కడే చాలామంది హీటర్ కొనేస్తారు. హీటర్‌తో వరుసలో, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు కూడా ఉంటుంది. రెంటిలో ఏది తెగినా బయటినుంచి ఒకేలా కనిపిస్తుంది. ఫ్రీజర్‌లో కాయిల్ పక్కనున్న కనెక్టరు విప్పి హీటర్‌ను మాత్రమే కొలిస్తే 258 ఓమ్‌లు. సరిపోతుందా అన్నది లెక్కే చెప్తుంది: వోల్టేజీని దానితోనే గుణించి వాట్లతో భాగించాలి. 200 వాట్ల హీటర్‌కు 230 వోల్టుల దగ్గర 264 ఓమ్‌లు రావాలి. 150 వాట్లదైతే 350 దాకా ఉంటుంది. 258 అంటే హీటర్ భేషుగ్గా ఉంది. ఫ్యూజు రెండు కొనల మధ్య మళ్లీ ఓఎల్. దొరికింది.

దొరికింది కదా అని అక్కడ ఆగితే నెల తిరక్కుండా మళ్లీ అదే కోడ్ వస్తుంది. థర్మల్ ఫ్యూజు ఊరికే పోదు. దాని మీద 72 డిగ్రీలనో 77 డిగ్రీలనో ముద్రించి ఉంటుంది. కాయిల్ దగ్గర అంత వేడి పుట్టినప్పుడే అది తెగుతుంది. పది డిగ్రీలకే ఆగాల్సిన హీటర్ డెబ్బై దాకా ఎందుకు వెళ్లింది? దీనికి రెండే దారులు. బోర్డు మీద హీటర్ రిలే (హీటర్‌కు కరెంటు కలిపి, ఆపే స్విచ్) అతుక్కుపోయి హీటర్ ఆగకుండా వెలుగుతూ ఉండాలి. లేదా సెన్సర్ వైపు నుంచి బోర్డుకు తప్పుడు కబురు అందుతూ ఉండాలి.

సెన్సర్‌ను పరీక్షించడానికి గ్లాసెడు పగలగొట్టిన ఐసు, అది మునిగేంత నీళ్లు చాలు. ఐదు నిమిషాలు కలిపితే ఆ నీళ్లు సరిగ్గా సున్నా డిగ్రీలకు వస్తాయి. ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద ఇంట్లో దొరకదు. నా సెన్సర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే రకం. అలాంటిది సున్నా దగ్గర దాదాపు 28 కిలో ఓమ్‌లు చూపాలి. కొన్ని మోడళ్లలో 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్‌ల సెన్సర్ ఉంటుంది, అది సున్నా దగ్గర 14 చుట్టుపక్కల చూపుతుంది. సెన్సర్‌ను ఐసు నీళ్లలో ముంచి, మీటరు ముళ్లు దాని మొదట్లోనే పెట్టి కొలిస్తే 27.9. నిక్షేపంగా ఉంది. అదే సెన్సర్‌ను అదే నీళ్లలో ఉంచి, వెనక బోర్డు కనెక్టరు దగ్గర కొలిస్తే 58! వైరు కదిపితే 50 నుంచి 70 దాకా ఊగుతోంది.

మధ్యలో 30 కిలో ఓమ్‌లు ఎక్కడినుంచి వచ్చాయి? వైరు వెంట వేలితో తడుముకుంటూ పోతే కాయిల్ పైభాగంలో, ఫ్యాన్ తొడుగు చాటున, నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకు తగిలింది. అంతకుముందొక రిపేరులో సెన్సర్ మార్చినప్పుడు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేశారు. చలికి టేపు జిగురు బిగుసుకుపోయి వదిలేసింది, లోపలికి తేమ దిగింది. విప్పి చూస్తే రాగి తీగ నిండా పచ్చటి చిలుము. మా కాకినాడలో ఉప్పుగాలి సంగతి తెలిసిందే, ఇక ఫ్రీజర్ లోపల రోజూ తడిసి ఆరే అతుకు గతి చెప్పేదేముంది.

ఈ చిలుము ఏం చేసిందో లెక్కలో చూస్తేనే తెలుస్తుంది. ఈ రకం సెన్సర్‌లో చలి పెరిగే కొద్దీ ఓమ్‌లు పెరుగుతాయి. చిలుము అదనంగా కలిపిన 30 కిలో ఓమ్‌లే దాదాపు సున్నా డిగ్రీలకు సమానం. అంటే కాయిల్ ఎంత కాలినా బోర్డు లెక్కలో అది ఎప్పటికీ సున్నా దాటదు. కాయిల్ 50 డిగ్రీలకు చేరితే సెన్సర్ 4 కిలో ఓమ్‌లు చూపుతుంది, చిలుముతో కలిపి 34. బోర్డుకు అది మైనస్ 3, 4 డిగ్రీలు. ‘ఇంకా గడ్డకట్టే ఉంది, కానీ కానీ’ అని హీటర్‌ను వెలిగిస్తూనే పోయింది. చివరికి ఫ్యూజు తెగి ఫ్రిజ్‌ను కాపాడింది. ఆ తర్వాత హీటర్ వెలగక, మంచు కరగక, గడువు తీరి కోడ్ వచ్చింది.

మరి సెన్సర్ కోడ్ ఎందుకు రాలేదు? సెన్సర్ వైరు పూర్తిగా తెగినా, రెండు వైర్లు కలిసిపోయినా మాత్రమే బోర్డు దాన్ని లోపంగా గుర్తిస్తుంది. మధ్యలో ఏ అంకె వచ్చినా అది ఉష్ణోగ్రతే అనుకుంటుంది. 58 కిలో ఓమ్‌లు దాని దృష్టిలో మైనస్ 15, ఫ్రీజర్‌లో ఉండాల్సిన మామూలు చలి. అబద్ధం అచ్చం నిజంలా ఉన్నప్పుడు ఏ కోడూ పట్టుకోలేదు.

ఫ్యూజు, సెన్సర్ కలిసి నాలుగు వైర్ల జతగా కనెక్టరుతో సహా దొరుకుతాయి. మోడల్ నంబరు చెప్పి తెచ్చుకుంటే అతుకుల బెడద ఉండదు. బోర్డు ఖరీదుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. విడి ఫ్యూజే దొరికితే మూడు సంగతులు చూడాలి. మీద ఉన్న డిగ్రీల అంకె పాతదానికి సరిపోవాలి. దాన్ని టంకం పెట్టకూడదు, టంకం వేడికే తెగిపోతుంది, చేతికి కొత్త ఫ్యూజు వచ్చినట్టే వచ్చి పోతుంది. క్రింప్ చెయ్యాలి, అంటే చిన్న లోహపు గొట్టంలో తీగలు దూర్చి నొక్కి బిగించాలి. మూడోది, ఫ్యూజు బదులు వైరు ముక్క కలపకూడదు. ‘ఎలాగూ పనిచేస్తుంది కదా’ అని అలా కలిపేసే మెకానిక్కులు ఉన్నారు. అలాంటి ఫ్రిజ్‌లో రిలే ఒక్కసారి అతుక్కుంటే హీటర్‌ను ఆపే దిక్కే ఉండదు. చుట్టూ ప్లాస్టిక్, థర్మాకోల్, గొట్టాల్లో మండే గ్యాస్. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు.

సెన్సర్ విలువ కూడా చూసుకునే కొనాలి. 10 కిలో ఓమ్‌లది ఉండాల్సిన చోట 5ది పెడితే సున్నా డిగ్రీల దగ్గరే బోర్డుకు 16, 17 డిగ్రీలలా కనిపిస్తుంది. మంచు కరగకముందే డీఫ్రాస్ట్ ఆగిపోతుంది. కోడ్ రాదు గానీ రెండు మూడు వారాల్లో మళ్లీ దిమ్మ కడుతుంది. పాత సెన్సర్ ఏ గొట్టానికి క్లిప్ చేసి ఉందో కొత్తదీ అక్కడే ఉండాలి. హీటర్ దగ్గరికి జరిపినా ఇదే అవస్థ.

పాడైన వైరును మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించాను. దాదాపు నాలుగు సెంటీమీటర్లు పోయింది. క్రింప్ స్లీవ్ వేసి, దాని పైన, లోపలి వైపు జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని బిగిసేది) తొడిగాను. మామూలు ష్రింక్ గొట్టంలో జిగురు ఉండదు, నీళ్లు ఆపదు. వేడిచేసినప్పుడు రెండు చివర్లా జిగురు బయటికి రావాలి, అదే గుర్తు. ఈ వేడిచేయడమేదో ఫ్రిజ్ లోపల కాకుండా వైరు బయటికి లాగి చేశాను. అతుకును కాయిల్‌కు పైన, వైరు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా కట్టాను. చుక్క జారినా అతుకు దాకా రాకుండా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. మళ్లీ బోర్డు చివర నుంచి, ఐసు గ్లాసులో: 28.1. కొత్త ఫ్యూజుతో హీటర్ జత: 259 ఓమ్‌లు.

రిలే సంగతి ఇంకా తేలలేదు. ప్లగ్ పెట్టి, కంప్రెసర్ తిరుగుతుండగా హీటర్ వైరు ఒకదాని చుట్టూ క్లాంప్ మీటరు (వైరు విప్పకుండానే కరెంటు కొలిచేది) వేస్తే సున్నా చూపాలి. సున్నానే. క్లాంప్ లేనివాళ్లు వోల్టేజీ కొలవొచ్చు గానీ హీటర్ తగిలించి ఉండగానే కొలవాలి. ఊడదీసి కొలిస్తే బోర్డు నుంచి కారే కాస్త కరెంటుకే మీటరు అరవయ్యో డెబ్బయ్యో చూపించి, రిలే పోయిందని భయపెడుతుంది. ఇది చేతులు తడి లేకుండా, చెప్పులేసుకుని, అలవాటున్నవాళ్లే చేయాల్సిన కొలత. లేదంటే ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోండి. అన్నట్టు, గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో కూడా అప్పుడే చూడమనండి. మూడు కన్నాలు ఉన్నంత మాత్రాన మూడోదానికి వైరు ఉన్నట్టు కాదు.

తర్వాత బలవంతపు డీఫ్రాస్ట్. ఏ మీటలు కలిపి ఎంతసేపు నొక్కాలో, లేదా బోర్డు మీది టెస్టు మీట ఎన్నిసార్లు నొక్కాలో ఆ కాగితంలోనే ఉంటుంది. మొదలైన వెంటనే క్లాంప్ 0.87 ఆంపియర్లు చూపింది. 200 వాట్లను 230తో భాగిస్తే వచ్చేదీ అదే. లోపల్నుంచి చుయ్ చుయ్‌మని చప్పుడు వస్తుంది. హీటర్ మీద నీటి చుక్కలు పడే చప్పుడది, భయం లేదు. నా దాంట్లో మంచు లేదు కాబట్టి కాసేపటికే తనంతట తాను ఆగింది. చూడాల్సింది అదే: మనం ఆపడం కాదు, సెన్సర్ మాట విని బోర్డే ఆపాలి.

ఇదే పలక వెనక నుంచి ఇంకో కోడ్ కూడా పుడుతుంది, ఫ్యాన్ కోడ్. మంచు దిమ్మ పెరిగి ఫ్యాన్ రెక్కకు తగిలితే అది తిరగదు, తిరగట్లేదని ఫ్యాన్‌లోంచి వచ్చే సంకేతం చూసి బోర్డు కోడ్ పెడుతుంది. ఫ్యాన్ మారుస్తారు, పదిహేను రోజులు బాగుంటుంది. ఫ్యాన్ మార్చేటప్పుడు మంచు కరిగించడం వల్ల బాగుంటుందే తప్ప కొత్త ఫ్యాన్ వల్ల కాదు. ఫ్యాన్ కోడ్ వచ్చినా ముందు మంచు తీరు చూసి, డీఫ్రాస్ట్ సర్క్యూట్ కొలవండి. బోర్డు నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. మూత తీస్తే లోపల బల్లి ఎండిపోయి ఉంటుంది, లేదా బొద్దింకల రెట్టతో కాళ్ల మధ్య నల్లటి మచ్చ ఉంటుంది. అలాంటిది కంటితో చూసి, కొలిచి, అప్పుడు మార్చాలి.

పలక బిగించే ముందు నీళ్లు దిగే కన్నంలో గోరువెచ్చని నీళ్లు ఒక కప్పు పోసి, వెనక ట్రేలోకి వస్తున్నాయో లేదో చూశాను. మెంతికూర ఆకు ముక్క ఒకటి కొట్టుకొచ్చింది. ఫ్రిజ్ ఆన్ చేశాక మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటరు పెట్టి ఉంచాను. గాలిలో పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె మారిపోతుంది, నీళ్లలో నిలకడగా ఉంటుంది. మర్నాటికి 4 డిగ్రీలు. పదో రోజు వెనక పలక మళ్లీ విప్పి చూస్తే రెక్కల మీద పలుచటి నూగు తప్ప ఏమీ లేదు. టార్చి వేస్తే వెలుగు రెక్కల సందుల్లోంచి అవతలి గోడ మీద పడుతోంది.